బిగిస్తే ఆగే లీకు కాదిది: గేర్‌బాక్స్ కూలర్ ఫిట్టింగ్ కిట్ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, కిట్ పనిచేసింది. కారు కింద పరిచిన అట్టముక్క ఏడు వారాలుగా పొడిగా ఉంది. అయినా ఐదుకి మూడున్నర కంటే ఎక్కువ ఇవ్వడానికి మనసొప్పడం లేదు. సామాను మంచిదే, కానీ దాన్ని ఎలా బిగించాలో ఆ డబ్బాలో సరిగ్గా చెప్పింది ఏమీ లేదు. ఉన్న ఒకే ఒక్క బొమ్మ తప్పు. ఆ బొమ్మను నమ్మి ఒక పూట పని రెండు రోజులు చేసుకున్నాను, ఒంటి నిండా ఎర్ర నూనె పోసుకున్నాను.

కిట్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి. ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ ఆయిల్ రెండు ఉక్కు గొట్టాల్లో ముందుకొచ్చి, రేడియేటర్ పక్క ట్యాంకు లోపల ఉండే చిన్న కూలర్‌లో చల్లబడి వెనక్కి వెళ్తుంది. ఆ గొట్టాలు రేడియేటర్‌కి కలిసే చోట వేలెడంత ఇత్తడి ఫిట్టింగ్‌లు ఉంటాయి. పాత కార్లలో అక్కడ నట్టు బిగించే పద్ధతి, తర్వాత వచ్చినవాటిలో టక్కుమని దూర్చేసే క్విక్ కనెక్ట్ పద్ధతి. నాది రెండోది. నేను కొన్నది ఈ క్విక్ కనెక్ట్ ఫిట్టింగ్‌ల కిట్. తయారీదారు పేరు రాయను. ఇలాంటివి పది పేర్లతో అమ్ముతున్నారు, అన్నీ దాదాపు ఒకటే వాటం, నేను చెప్పేది అన్నిటికీ వర్తిస్తుంది.

కారు ఇరవై ఏళ్ళు దాటిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. పొడుగు ముక్కు, ముందు వీ8 ఇంజిన్, జనరల్ మోటార్స్ వాళ్ళ 4ఎల్60-ఈ గేర్‌బాక్స్. స్పోర్ట్స్ కారుకి ఆటోమేటిక్ ఏంటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నా మోకాలికి క్లచ్ పడదు. ఆ పేరులో 4 అంటే నాలుగు గేర్లు, ఎల్ అంటే కారు పొడవునా అమర్చింది, 60 అంటే ఎంత బలం తట్టుకుంటుందో చెప్పే అంకె, చివరి ఈ అంటే ఎలక్ట్రానిక్. దీని అన్న 700ఆర్4 అనే పేరుతో 1982లో వచ్చింది, 1990లో పేరు 4ఎల్60 అయ్యింది, తర్వాత తోక తగిలించుకుని ఇదైంది. కార్వెట్ నుంచి పికప్ ట్రక్కుల దాకా అన్నిటికీ ఇదే వేశారు కాబట్టి విడిభాగాలకు కొదవలేదు. అదే వరం, అదే శాపం. విడిభాగాలు ఎన్ని రకాలుగా దొరుకుతాయో, అందులో చెత్త కూడా అన్ని రకాలుగానే దొరుకుతుంది.

లీకు సంగతి. రాత్రి నిలిపిన కారు కింద పొద్దున చూస్తే అరచేయంత ఎర్ర మరక, ముందు చక్రాలకు కాస్త ముందుగా. మొదట స్టీరింగ్ ఆయిల్ అనుకున్నాను, ఎందుకంటే అది కూడా ఎర్రగానే ఉంటుంది, కొన్ని కార్లలో అక్కడా ఇదే ఆయిల్ పోస్తారు. ఆ గిన్నెలో మట్టం చూస్తే ఉన్నచోటే ఉంది. తర్వాత కూలెంట్ అనుకున్నాను, అది కూడా ఈమధ్య నారింజ, గులాబీ రంగుల్లో వస్తోంది కదా. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి పక్కన పెట్టాను. కూలెంట్ నీళ్ళు కలిసిన పదార్థం కాబట్టి కాగితం ఆరిపోవాలి. ఇది ఆరలేదు, చుట్టూ జిడ్డు వలయం పాకింది. గేర్‌బాక్స్ ఆయిలే.

ఇక్కడే ఒక వర్క్‌షాప్ కథ ఉంది, పేరు చెప్పను. తీసుకెళ్తే కారు పైకెత్తి, టార్చి వేసి, "ఫిట్టింగ్ వదులైందండీ" అని ఒక పెద్ద స్పానర్ పట్టి ఓ అరచుట్టు తిప్పేశారు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్ళీ మరక. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ బిగించారు. మూడోసారి నేనే వెళ్ళలేదు. ఇంకోసారి తిప్పితే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకుంటే వెన్నులో చలి పుడుతుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. క్విక్ కనెక్ట్ ఫిట్టింగ్ కారుతుంటే బిగించడం అనేది మందు కాదు. అందులో రెండు చోట్ల సీలు ఉంటుంది. ఒకటి ఫిట్టింగ్ మరలు రేడియేటర్‌లోకి దిగే చోట. రెండోది గొట్టం ఫిట్టింగ్‌లోకి దూరే చోట, లోపల ఓ-రింగు అనే గుండ్రటి రబ్బరు వలయం. మీరు స్పానర్‌తో తిప్పేది మొదటిదాన్ని. పాత కారులో నూటికి తొంభైసార్లు కారేది రెండోదాని దగ్గర అని నా అనుమానం, నా కారులో అయితే ఖాయంగా అదే. ఓ-రింగు ఏళ్ళ తరబడి వేడికి ఉడికి, గట్టిపడి, గుండ్రంగా ఉండాల్సింది పలకగా అణిగిపోతుంది. దాన్ని బయటి నుంచి ఎంత బిగించినా లోపల ఏమీ మారదు. మరి రెండు రోజులు ఎందుకు ఆగిందీ అంటే, తిప్పినప్పుడు గొట్టం కాస్త కదిలి కొత్త చోట కూర్చుంది, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ లీకు ఇంజిన్ ఆడుతున్నప్పుడే ఎక్కువ. ఇంజిన్ తిరుగుడును నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ నుంచి బయటికొచ్చే వేడి ఆయిలే కూలర్‌కి వెళ్ళేది, పంపు తిరుగుతున్నంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. ఇంజిన్ ఆపితే ఒత్తిడి పోతుంది, కారడమూ తగ్గుతుంది. వర్క్‌షాప్‌లో చల్లారిన కారును పైకెత్తి తుడిచి చూస్తే అంతా పొడిగా కనిపించేది అందుకే. పొద్దున కనిపించే మరక, ఆపిన తర్వాత అంచుల్లో మిగిలినది జారి పడినది మాత్రమే. అసలు పోయేదంతా దారిలోనే పోతోంది.

చుక్కలే కదా అని ఊరుకోవచ్చా అంటే, వద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఆయిల్ అంటే ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు. అందులో అదే నూనె గేర్లకు జారుడు ఇస్తుంది, అదే లోపలి క్లచ్‌లను ఒత్తి పడుతుంది, అదే వేడి మోసుకుపోతుంది. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు జారతాయి, జారితే వేడి, ఆ వేడికి నూనె మాడి ఇంకా జారుడు. పైగా ఈ నూనె ఎగ్జాస్ట్ మీద పడితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది, ఇది ఊరికే భయపెట్టడానికి చెప్తున్నది కాదు, బాగా వేడెక్కిన ఎగ్జాస్ట్ గొట్టానికి ఆ మాత్రం వేడి ఉంటుంది.

ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవడానికి నేను చేసింది చెప్తాను, కిట్ కొనే ముందు మీరూ ఇది చేయండి. నూనె గాలికి వెనక్కి పాకుతుంది, బరువుకి కిందికి జారుతుంది. కాబట్టి చుక్క పడే చోటు ఎప్పుడూ నేరస్థుడు కాదు. తడి ఉన్నచోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు మూలం. బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, ఆరాక ఆ ప్రాంతమంతా పాదాలకు వాడే తెల్లపొడి స్ప్రే పల్చగా కొట్టాను. ఇంజిన్ ఆన్ చేసి బాగా వేడెక్కనిచ్చాను. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండి, చిన్న అద్దం పెట్టి చూస్తే, పై ఫిట్టింగ్‌లో గొట్టం దూరే అంచు దగ్గర తెల్లపొడి మీద ఎర్ర గీత, వెంట్రుకంత సన్నగా. మరల దగ్గర పొడి తెల్లగానే ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అయ్యింది, కానీ ఎలుక దొరికింది. కింది ఫిట్టింగ్ పొడిగానే ఉంది, కానీ దాని వయసూ ఇంతే కాబట్టి రెండూ మార్చేద్దామని నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు డబ్బా విప్పుదాం. రెండు ఇత్తడి ఫిట్టింగ్‌లు, వాటిలో ముందే కూర్చోబెట్టిన ఓ-రింగులు, గొట్టం ఊడకుండా పట్టే నాలుగు స్ప్రింగు క్లిప్పులు, రెండు ప్లాస్టిక్ టోపీలు, రెండు విడి ఓ-రింగులు, గొట్టం విడదీయడానికి అని ఒక ప్లాస్టిక్ పనిముట్టు, తెల్ల టేపు చుట్ట ఒకటి, అగ్గిపెట్టెంత కాగితం. ఫిట్టింగ్‌ల పనితనం నిజంగా బాగుంది. మరలు శుభ్రంగా కోశారు, వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గరుకు లేదు, లోపల అంచులకు బరక లేదు. ఆ బరకే ముఖ్యం, గొట్టం దూర్చేటప్పుడు ఓ-రింగును కోసేది అదే. క్లిప్పులు కూడా గట్టి ఉక్కు, పాతవాటికంటే కాస్త మందం. ఈ రెండిటికీ పూర్తి మార్కులు.

ఓ-రింగులు దేనితో చేశారో ఎక్కడా రాయలేదు. ఇది నాకు నచ్చలేదు. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు నూరు డిగ్రీల సెల్సియస్ వరకు ఏళ్ళ తరబడి నిలుస్తుంది, ఆ పైన త్వరగా గట్టిపడుతుంది. వైటాన్ అని పిలిచే ఫ్లోరో రబ్బరు రెండు వందల దాకా తట్టుకుంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మామూలుగా తొంభై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కానీ, ఎత్తు ఎక్కేటప్పుడూ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడూ అక్కడ ఆగదు. కన్వర్టర్ నుంచి నేరుగా వచ్చే గొట్టమైతే మరీను. గోధుమ రంగులో ఉంటే వైటాన్, నల్లగా ఉంటే నైట్రైల్ అని కొందరు చెప్తారు, నమ్మకండి, రంగుకి అలాంటి కట్టుబాటు ఏమీ లేదు. తయారీదారు రాయకపోతే మనకు తెలియదు, అంతే. నేను అదే కొలత వైటాన్ రింగులు విడిగా తెచ్చి వేసుకున్నాను. ఒక మార్కు ఇక్కడ కోత.

తెల్ల టేపు ఎందుకు పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. అది నీళ్ళ కుళాయి పనికి. మరల మీద చుట్టి బిగిస్తే అంచున పీలికలు తెగి నూనెలో కలుస్తాయి. కూలర్ నుంచి ఆ నూనె వెళ్ళేది నేరుగా గేర్‌బాక్స్‌లోకి, అక్కడ సూది మొనంత రంధ్రాలు ఎన్నో. ఇంకా పెద్ద విషయం, ఈ ఫిట్టింగ్ మరలు సీలు కోసం చేసినవే కావు, అవి పట్టి ఉంచడానికే, సీలు దాని ముక్కు దగ్గర అవుతుంది. టేపు చుడితే ఆ ముక్కు సరిగ్గా ఆనదు. చుట్టను తీసి పక్కన పడేశాను.

కొనే ముందు కొలత చూసుకోవాలి, ఇది మాత్రం అందరూ తప్పే చోటు. గొట్టం 5/16 అంగుళమా 3/8 అంగుళమా అన్నది క్యాలిపర్‌తో చూడండి, అంటే సుమారు 8 మిల్లీమీటర్లా, తొమ్మిదిన్నరా అని. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. డబ్బా మీద "అన్ని మోడళ్ళకు" అని రాసినంత మాత్రాన మీ మోడల్‌కి అని కాదు. రేడియేటర్ ఎప్పుడో మార్చి ఉంటే దాని మర వేరే ఉండొచ్చు. పాత ఫిట్టింగ్ తీసి కొత్తదాని పక్కన పెట్టి మరలు ఒకదాన్లో ఒకటి కూర్చుంటున్నాయో లేదో చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

పని మొదలుపెట్టాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందు వైపు పైకెత్తి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి. జాకీ మీద ఉన్న కారు కింద తల పెట్టకండి, నేను ఇది సుద్దులు చెప్పడానికి రాయడం లేదు, ఈ పనిలో పైకి చూస్తూ పడుకునే సమయం ఎక్కువ. కింద వెడల్పు ట్రే పెట్టి ప్లాస్టిక్ టోపీ వెనక్కి లాగాను, క్లిప్ కనిపించింది. చూడగానే అర్థమైంది. ఆ క్లిప్‌కి మూడు చెవులు, ఫిట్టింగ్‌లో మూడు గాట్లు. మూడు చెవులూ మూడు గాట్లలోంచి లోపలికి తొంగిచూడాలి. ఇక్కడ రెండే లోపల ఉన్నాయి, మూడోది వంగిపోయి బయటే ఉండిపోయింది. అంటే ఇదివరకు రేడియేటర్ మార్చినవాళ్ళు ఎవరో పాత క్లిప్పే మళ్ళీ వాడి, నొక్కి పడేశారు. గొట్టం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, ఓ-రింగు ఒకవైపే అరిగింది. ఇన్నాళ్ళూ ఊడిపోకుండా ఉన్నందుకు దండం పెట్టాలి, నడిరోడ్డు మీద ఊడి ఉంటే నిమిషాల్లో గేర్‌బాక్స్ ఎండిపోయేది.

పాత క్లిప్‌ని వంపు ఉన్న కొక్కెంతో ఒక కొస పట్టి పైకి లేపితే ఊడి వస్తుంది. ఒక చేయి పైన అడ్డు పెట్టండి, లేకపోతే అది ఎగిరి ఎక్కడ పడుతుందో ఇంజిన్‌కే తెలుసు. కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ పనిముట్టు ఈ రకం ఫిట్టింగ్‌కి పనికేరాదు. అది వేరే రకానిది, గొట్టం చుట్టూ వేసి లోపలికి నొక్కితే విడిపోయే రకానిది. మొదట అది తెలియక పావుగంట దాంతో కుస్తీ పట్టాను.

గొట్టం లాగగానే నూనె వస్తుంది, ఎంత వచ్చిందో ట్రేలో కొలిచిపెట్టుకోండి. తర్వాత ఫిట్టింగ్ విప్పడం. ఇందాక వెన్నులో చలి అన్నాను కదా, అది ఇక్కడ. రేడియేటర్ పక్క ట్యాంకు ప్లాస్టిక్‌ది. దాని లోపలి కూలర్ కొస ఆ ప్లాస్టిక్ గోడలోంచి బయటికి వచ్చి అక్కడ ఒక నట్టుతో నిలబడి ఉంటుంది. మీరు ఒకే స్పానర్‌తో ఫిట్టింగ్ తిప్పితే, ఫిట్టింగ్‌తో పాటు ఆ కొస కూడా తిరుగుతుంది. తిరిగితే లోపల కూలర్ అతుకు తెగుతుంది, లేదా ప్లాస్టిక్ గోడ దగ్గర సీలు పోతుంది. అప్పుడు కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ లోపల్లోపలే కలిసిపోతాయి. చిక్కటి గులాబీ నురగ తయారవుతుంది. కూలెంట్‌లోని నీళ్ళూ గ్లైకాలూ క్లచ్ పలకల మీది పట్టును అంటించిన జిగురును వదులు చేసేస్తాయి, కడిగి నింపినా చాలాసార్లు గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సి వస్తుంది. ఈ చిన్న ఇత్తడి ముక్క కోసం గేర్‌బాక్స్ పోగొట్టుకునే దారి అది. ఆ వర్క్‌షాప్ పెద్ద స్పానర్ ఒకటే పట్టి తిప్పింది గుర్తొచ్చిందా.

అందుకని రెండు స్పానర్లు. ఒకటి వెనక నట్టును కదలకుండా పట్టుకోవడానికి, రెండోది ఫిట్టింగ్ తిప్పడానికి. రెండోది ఫ్లేర్ నట్ స్పానర్ అయితే మేలు, అంటే గొట్టం దూరేంత సందు వదిలి మిగతా ఐదు వైపులా పట్టుకునేది. మామూలు స్పానర్ రెండు వైపులే పట్టుకుంటుంది, ఇత్తడి మెత్తన, మూలలు గుండ్రమైపోతాయి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. ప్లాస్టిక్ ట్యాంకు పక్కన మంట పెట్టి వేడి చేయడం లాంటి ఆలోచన కూడా పెట్టుకోవద్దు. మొదటి కదలిక వచ్చాక చేత్తోనే వచ్చేసింది.

కొత్తది మొదట చేత్తోనే తిప్పాలి. చేత్తో మూడు నాలుగు చుట్లు నున్నగా వెళ్ళకపోతే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, మర అడ్డంగా ఎక్కితే అల్యూమినియం మర పాడవుతుంది, ఆ రేడియేటర్ ఇక అంతే. ఆ తర్వాత బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో మీ కారుకి రాసిన లెక్కకి బిగించి ఆపేయాలి. "ఇంకొంచెం" అనేది మన చేతుల్లో ఉన్న జబ్బు.

ఇక ఆ బొమ్మ సంగతి. కాగితం మీద ఏం గీశారంటే, క్లిప్‌ని ఫిట్టింగ్ మీద నేరుగా పైనుంచి నొక్కేయాలి అని బాణం. నేను అలాగే నొక్కాను, టప్‌మని కూర్చుంది, గొట్టం దూర్చాను, టక్కుమని శబ్దం కూడా వచ్చింది. సంతోషంగా ఇంజిన్ ఆన్ చేశాను. అర నిమిషం బాగానే ఉంది, కింద నుంచి గొట్టాన్ని కొంచెం కదిపి చూద్దామని ఇంజిన్ ఆపి లాగాను, మొత్తం నా చేతిలోకి వచ్చేసింది. నూనె నా చొక్కా మీద. అప్పుడు గుర్తొచ్చి కారు కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్ తెరిచాను, నా పొరపాటు అదే, అది ముందు చదవాల్సింది. అందులో స్పష్టంగా ఉంది, క్లిప్‌ని నొక్కి ఎక్కించకూడదు అని. నొక్కితే అది తెరుచుకునే క్రమంలో వంగుతుంది, ఒక చెవి లోపలికి దిగదు. అంటే పాతవాళ్ళు చేసిన తప్పే నేనూ చేశాను, అదీ కొత్త క్లిప్‌తో, కిట్ వాళ్ళు గీసిన బొమ్మ చూసి!

సరైన పద్ధతి ఇది. క్లిప్ తెరిచి ఉన్న రెండు కొసల్లో ఒకదాన్ని ఒక గాటులో పెట్టండి. దాన్ని వేలితో పట్టుకుని, మిగతా క్లిప్‌ని ఫిట్టింగ్ చుట్టూ తిప్పుతూ జార్చండి, రెండో చెవి రెండో గాటులో, మూడోది మూడోదాన్లో పడేదాకా. బలం అక్కర్లేదు. అయ్యాక టార్చి వేసి ఫిట్టింగ్ నోట్లోంచి లోపలికి చూడండి, మూడు చెవులూ కనిపించాలి. ఇది గొట్టం పెట్టక ముందే చూడాలి, పెట్టాక కనిపించదు. ఫిట్టింగ్‌ని రేడియేటర్‌లోకి బిగించక ముందే బల్ల మీద కూర్చుని చేసుకుంటే ఇంకా సులువు. ఆ పాఠం నేను రెండో ఫిట్టింగ్‌కి వాడుకున్నాను. నాలుగు క్లిప్పులు ఎందుకిచ్చారో కూడా అప్పుడు అర్థమైంది. ఒకటి పాడవుతుందని వాళ్ళకే తెలుసేమో, ఆ తెలివేదో బొమ్మ గీసేటప్పుడు వాడాల్సింది.

గొట్టం కొస సంగతి కూడా చూడండి. కొస దగ్గర చుట్టూ ఒక ఉబ్బు ఉంటుంది, క్లిప్ చెవులు దాని వెనక పట్టుకుంటాయి. ఆ ఉబ్బుకీ కొసకీ మధ్య ఉన్న నున్నటి భాగం మీదే ఓ-రింగు ఆనేది. అక్కడ తుప్పు గుంటలు గానీ నిలువు గీతలు గానీ ఉంటే ఎంత మంచి కిట్ అయినా కారుతుంది. నా దాని మీద సన్నటి తుప్పు పొర ఉంది, మెత్తటి ఎమరీ గుడ్డతో చుట్టూ తిప్పుతూ తీశాను, నిలువుగా కాదు, నిలువుగా రుద్దితే నూనెకి మనమే కాలవ తవ్వినట్టు. రాలిన తుప్పు పొడి గొట్టం లోపలికి పోకుండా కొసలో చిన్న గుడ్డముక్క కుక్కి, తర్వాత మర్చిపోకుండా తీశాను. తీశానా లేదా అని రెండుసార్లు టెన్షన్ పడి మళ్ళీ చూసుకున్నాను కూడా. కొత్త ఆయిల్ కొంచెం రాసి నేరుగా దూరిస్తే టక్కుమంది. శబ్దాన్ని నమ్మకండి, వెనక్కి గట్టిగా లాగి చూడండి. ఆ తర్వాత ప్లాస్టిక్ టోపీ ముందుకు జరిపితే సందు లేకుండా కూర్చోవాలి. గొట్టం పూర్తిగా దిగకపోతే టోపీ దగ్గర సందు ఉండిపోతుంది, అంటే అది దుమ్ము పడకుండా పెట్టే మూత ఒక్కటే కాదు, మీ పనికి పరీక్షాధికారి కూడా. కొన్ని గొట్టాల మీద పసుపు పట్టీ ఉంటుంది, అది ఫిట్టింగ్‌లో దాక్కుంటే గొట్టం సరిగ్గా దిగినట్టు. నా దాని మీది పట్టీ ఎప్పుడో చెరిగిపోయింది.

గేర్‌బాక్స్ వైపు కొసల్ని నేను ముట్టుకోలేదు. అవి పొడిగా ఉన్నాయి, పొడిగా ఉన్నదాన్ని కెలకడం నాకు ఇష్టం ఉండదు. మీరు అక్కడా మార్చాల్సి వస్తే ఒక్క హెచ్చరిక. ఈ కుటుంబం గేర్‌బాక్సుల బయటి పెట్టె (కేసింగ్) అల్యూమినియంది. అక్కడ ఉండాల్సింది నేరు మర అయితే, కొసకి పోయేకొద్దీ లావయ్యే పైపు మర ఫిట్టింగ్ తెచ్చి బిగిస్తే అది మేకులా పనిచేసి కేసింగ్‌ను చీల్చేస్తుంది. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి కవల పిల్లలు.

ఆయిల్ సంగతి త్వరగా చెప్తాను. ఈ గేర్‌బాక్స్ పుట్టినప్పుడు డెక్స్‌రాన్-3 వాడేవారు, జనరల్ మోటార్స్ దానికి లైసెన్సులు ఇవ్వడం 2006 చివరికల్లా ఆపేసింది. దాని చోట వచ్చిన డెక్స్‌రాన్-6ను పాతవాటిలో కూడా పోయొచ్చని ఆ కంపెనీయే చెప్పింది, నేను అదే పోశాను. ట్రేలో పడినంత, దారిలో పోయి ఉంటుందని అనుకున్నంత కొద్దికొద్దిగా. మట్టం చూడాల్సింది నూనె వేడెక్కాక, ఇంజిన్ ఆడుతుండగా, చదును నేల మీద, గేరు పార్కింగ్‌లో పెట్టి. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపేస్తే ఎక్కువైపోతుంది, ఎక్కువైతే నురగ వస్తుంది, ఆ నురగ కూడా తక్కువ ఉన్నంత చేటే.

వాడి చూసిన ఫలితం. మొదటి రోజు పొడి స్ప్రే మళ్ళీ కొట్టి, గంటసేపు తిప్పి వచ్చి చూశాను, తెల్లగానే ఉంది. వారం తర్వాత ట్రాఫిక్‌లో బాగా వేడెక్కిన రోజున ఆపగానే చూశాను, తెల్లగానే ఉంది. పొడవాటి ఘాట్ దారి ఒకటి ఎక్కించి దించాను కూడా. ఏడు వారాల్లో కొలకర్ర మీద మట్టం కదలలేదు. ఫిట్టింగ్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు, ఏ కొంచెమూ లేదు.

దీని బదులు ఇంకేం చేయొచ్చు అని అడిగేవాళ్ళుంటారు. ఉక్కు గొట్టాన్ని కోసేసి రబ్బరు గొట్టం వేసి క్లాంపు బిగించడం చాలామంది చేస్తారు. ఆ రబ్బరు గేర్‌బాక్స్ ఆయిల్‌కి చేసినది కావాలి, మామూలు పెట్రోలు గొట్టం వేడి నూనెకి నిలవదు. కోసిన గొట్టం కొసకి ఉబ్బు చేయించకపోతే ఏదో ఒక రోజు జారిపోతుంది. రోడ్డు మీద ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి సరే, అలాగే వదిలేయడానికి కాదు. రేసింగ్ వాళ్ళు వాడే ఏఎన్ ఫిట్టింగ్‌లు అందంగా ఉంటాయి, గట్టిగా కూడా ఉంటాయి, కానీ వాటి ఫ్లేర్ కోణం, అంటే గొట్టం కొస విచ్చుకునే కోణం, 37 డిగ్రీలు, పాత కార్ల గొట్టాలది 45. రెండిటినీ జతచేసి బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, కారుతూనే ఉంటుంది. మార్చేటట్టయితే రెండు కొసలూ మార్చాలి. నాలాగా కారు నడుపుకోవడం తప్ప పోటీలకు వెళ్ళనివాళ్ళకు అంత అక్కర్లేదు.

ఈ కిట్ ఎవరికి వద్దో కూడా చెప్పాలి. మీ గొట్టాల కొసల్లో నట్టు ఉంటే ఇది మీది కాదు. ఫిట్టింగ్ పొడిగా ఉండి దాని చుట్టూ ప్లాస్టిక్ గోడ దగ్గర కూలెంట్ కారుతుంటే అది రేడియేటర్ రోగం, కిట్ వేసి లాభం లేదు. కూలెంట్ డబ్బాలో నూనె తేలుతున్నా, కొలకర్రకు గులాబీ నురగ అంటుకున్నా కారును ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకండి, కిట్ సంగతి తర్వాత.

మార్కుల లెక్క ఇదీ. ఫిట్టింగ్‌లకూ క్లిప్పులకూ ఐదుకి ఐదు. ఓ-రింగు ఏ రబ్బరో రాయనందుకు ఒకటి కోత. ఆ బొమ్మకి అర. పనికిరాని పనిముట్టూ తెల్ల టేపూ నవ్వుకుని వదిలేశాను. బొమ్మ సంగతి రాసి తయారీదారుకి పంపాను, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది, కొత్తగా వచ్చే డబ్బాల్లో బొమ్మ మారిందో లేదో కొన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి. నా దగ్గర ఒక క్లిప్ మిగిలింది, దాన్ని కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను, పక్కనే ఆ వంగిపోయిన పాతది కూడా. ఎవరైనా మళ్ళీ "వదులైందండీ" అని పెద్ద స్పానర్ తీస్తే ముందు అది చూపిస్తాను.